రెండో మంచం

చెన్నప్ప ఎడమ చేతికి వనజాక్షి గుడ్డపట్టీ చుడుతుంటే ఆయనకు నవ్వొచ్చింది.

"ఏమ్మా, మేకకు గంట కట్టినట్ల కడతాండావే! నేనేమన్నా మందలోంచి తప్పిపోతానా?"

"నువ్వు తప్పిపోవు తాతా. సూది తప్పిపోతాది."

"తప్పిపోతే?"

"ఇది అరుస్తాది."

"అరిస్తే?"

వనజాక్షి జవాబు చెప్పేలోపే పక్కమంచం దగ్గర్నుంచి నర్సు కృపాకుమారి అందుకుంది. "అరిస్తే నేను ఉరికి రావాల. ఇంకెవురు వస్తారు?"

మంచం కాళ్ల దగ్గర గోడకు ఆనుకుని కూర్చున్న చెన్నప్ప భార్య తిమ్మమ్మ కూడా నవ్వింది. ఇద్దరూ బెళుగుప్ప అవతల పల్లె నుంచి మొదటి బస్సుకు వస్తారు. కిడ్నీలు చెడిపోవడంతో వారంలో మూడు పొద్దులు చెన్నప్ప ఈ మంచం మీద పడుకోవాలి. ఆయన మోచేతి కింద, డాక్టర్లు నరాలను కలిపి కుట్టిన చోటు, తాడు ముడిలా ఉబ్బి ఉంటుంది. వేలు ఆనిస్తే లోపల తేనెటీగ చిక్కుకున్నట్టు గుయ్యిమంటుంది. అక్కడే రెండు సూదులు. ఒక సూదిలోంచి రక్తం యంత్రంలోకి పోతుంది. శుభ్రపడి రెండో సూదిలోంచి వెనక్కి వస్తుంది. ఆ రెండో సూదితోనే ప్రమాదం. నిద్రలో చెయ్యి కదిలి అది ఊడిందా, యంత్రానికి ఒక్కోసారి ఆ సంగతే తెలియదు. మనిషి ఒంట్లోకి పోయాల్సిన రక్తాన్ని దుప్పట్లోకి పోస్తూనే ఉంటుంది.

ఉగాదికి ముందు బయ్యన్న అనే రైతు ఈ హాల్లోనే అట్లా పోయాడు. కప్పుకుని నిద్రపోతున్నాడనుకున్నారు. ఆ పూట హాలంతటికీ ఉన్న నర్సు ఈశ్వరి ఒక్కతే. రెండో నర్సును కింద పేర్లు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. కూర్చోబెట్టిందెవరో ఎవరూ అడగలేదు. ఈశ్వరి ఉద్యోగం మాత్రం పోయింది. ఆ రోజు వనజాక్షి, యంత్రాల మరమ్మతు చేసే కంపెనీ తరఫున, అదే వరండాలో పనిముట్ల సంచీతో నిలబడి ఉంది. యంత్రంలో ఏ లోపమూ లేదని రాసిచ్చింది కూడా తనే. నిజంగానే లేదు. ఆ మాటే ఆమెను నిద్రపోనివ్వలేదు. కంపెనీ మానేసి ఈ పట్టీ పనిలో పడింది.

పట్టీలో పెద్ద విద్యేమీ లేదు. రెండు పొరల నూలుగుడ్డ మధ్య వెండిపూత దారాలు, చివర అగ్గిపెట్టెంత డబ్బా. దారాలు తడిస్తే డబ్బా మోగుతుంది.

పొద్దు నెత్తికెక్కేసరికి కరెంటు పోయింది. జనరేటరు యంత్రాలకే గానీ ఫ్యాన్లకు కాదు. బయట చెట్టన్నది లేని ఎర్రనేల మీంచి వడగాలి కిటికీ రెక్కల్ని కొడుతోంది. కాసేపటికి చెన్నప్ప చేతి మీది డబ్బా కీచుమని అరిచింది. ఎవరికో సూదిమందు ఇస్తున్న కృపాకుమారి సగంలో వదిలి పరిగెత్తి వచ్చింది. పట్టీ విప్పి చూస్తే చెమట. ఆరబెట్టి మళ్లీ కట్టారు. మళ్లీ అరిచింది. మళ్లీ చెమటే. ఇంకోసారి అరిచినప్పుడు ఆమె పరిగెత్తలేదు. నిదానంగా నడిచి వచ్చి, పట్టీ ఊడబీకి వనజాక్షి అరచేతిలో పెట్టింది.

"నీకు దండం మా. అబద్ధం చెప్పే గంట కన్నా గంట లేకపోయేదే మేలు. ఊరికూరికే ఉరికించిందనుకో, నిజంగా అరిచిన పొద్దు నాకు కాళ్లు రావు."

వనజాక్షి ఏదో అనబోయింది. కృపాకుమారి అప్పటికే వెనక్కి తిరిగింది.

*

పాతవూరి సందులో మేడ మీద ఒక గది వనజాక్షిది. అందులో మంచం కన్నా బల్ల పెద్దది. ఇంటికొచ్చి కూర్చోలేకపోయింది. పట్టీని విప్పింది, కుట్టింది, మళ్లీ విప్పింది. నీళ్లు తాగడానికి లేచి, ఎందుకు లేచిందో మరిచిపోయి కిటికీ దగ్గర నిలబడింది. చెమటా తడే, రక్తమూ తడే. దారానికి తేడా ఎట్లా తెలుస్తుంది?

మర్నాడు పొద్దున్నే మేక రక్తం కోసం స్టీలు డబ్బా పట్టుకుని మాంసం అంగడికి పోయింది. రక్తం గడ్డకట్టకుండా డబ్బాలో ముందే మందు పోసి పెట్టుకుంది.

"నల్లకా మా?" అన్నాడు అంగడి ఓబుళేసు. "ఎర్రగడ్డలు ఎక్కువేసి వేయించు. శానా బాగుంటాది."

"వేయించేకి కాదన్నా. గుడ్డ మీద పోసుకునేకి."

ఓబుళేసు కత్తి పక్కన పెట్టి ఆమెను పైనుంచి కింద దాకా చూశాడు. "ఎవురికన్నా చేతబడి చేస్తాండావా ఏమి?"

ఆ డబ్బాను నీడన పెట్టి, పట్టీ తన చేతికే కట్టుకుని ఎండలో మిద్దె మీద కూర్చుంది. ఎదురింటి ఆడవాళ్లు మిరపకాయలు ఎండబోస్తూ ఈమెను చూసి గుసగుసలాడుకున్నారు. చెమట పట్టింది. పట్టీ మొత్తం ఒకేమారు చెమ్మగిల్లింది. అంచు, నడుమ తేడా లేకుండా. తర్వాత సన్నటి గొట్టంలోంచి మేక రక్తం వదిలింది. అది ఒకచోట మొదలై, నిండుతూ నిండుతూ బయటికి పాకింది.

వనజాక్షి కదలకుండా ఆ మరక వైపే చూసింది. తర్వాత చెయ్యి కూడా కడుక్కోకుండా గదిలోకి ఉరికింది.

దారాలను అడ్డంగా కాకుండా గుండ్రంగా కుట్టింది, ఒక చుట్టు లోపల ఇంకో చుట్టు. చుట్లన్నీ కలిసి తడిస్తే చెమట. లోపలి చుట్టు ముందు తడిసి, వెంటనే దాని పక్కది, ఆపైన దాని పక్కది తడిస్తే రక్తం. డబ్బాకు ఆ లెక్క నేర్పించడానికి సాయంత్రమైంది. తిండి సంగతి గుర్తొచ్చేసరికి కింద హోటలు షట్టరు దించేస్తున్నారు.

*

బుధవారం కృపాకుమారి ఒప్పుకోలేదు. చెన్నప్పే చెయ్యి చాచాడు. "కట్టనీ సిస్టరూ. ఆ పాప కండ్లు చూడు, ఎట్లుండాయో."

కరెంటు పోయింది. చెమట పట్టింది. పట్టీ నోరెత్తలేదు. వనజాక్షి మాత్రం స్టూలు మీద నిలకడగా కూర్చోలేకపోయింది. మోగకపోవడం బాగైనందుకా, చెడిపోయినందుకా? లేచి నడిచింది. వచ్చి కూర్చుంది. దారపు ముక్క నోట్లో పెట్టుకుని కొరికింది. చెన్నప్ప ఒళ్లు చల్లబడి దుప్పటి గడ్డం దాకా లాక్కుని నిద్రలోకి జారాడు. తిమ్మమ్మ కూడా గోడకు తల వాల్చింది.

రెండో నర్సు అన్నానికి పోయిన వేళ, కృపాకుమారి హాలు ఆ చివర ఒకతని రక్తపోటు చూస్తుండగా డబ్బా అరిచింది.

ఈసారి అరుపు ఆగలేదు. కృపాకుమారి ఒక్కక్షణం తటపటాయించింది. ఆ క్షణాన్ని వనజాక్షి చూసింది. తర్వాత కృపాకుమారి పరిగెత్తింది. దుప్పటి లాగితే సూది బయట వేలాడుతోంది, పక్కగుడ్డ మీద అరచేయంత ఎరుపు. ఒక చేత్తో పంపు ఆపింది, గొట్టాలకు క్లిప్పులు నొక్కింది, దూది పెట్టి బొటనవేలితో అదిమి పట్టింది. అంతా రెప్పపాటులో అయిపోయింది. అప్పుడు గానీ తిమ్మమ్మకు మెలకువ రాలేదు.

"ఏమాయ? ఏమాయ మా?"

"ఏం కాలే. గమ్మునుండు. ఏం కాలే." కృపాకుమారి వేలు తీయకుండానే తల తిప్పి వనజాక్షి వైపు చూసింది. తల చిన్నగా ఊపింది.

చుట్టుపక్కల మంచాల వాళ్లు ఉచితంగా దొరికిన సినిమాను చూసినట్టు లేచి కూర్చున్నారు. "ఆ గంట మాకూ కట్టండప్పా" అని ఒకాయన కేకేశాడు. ఆ గోలకు మేనేజరు అభిలాష్ తన గదిలోంచి బయటికొచ్చి, ఫోను తీసి, పక్కగుడ్డ మీది ఎరుపునూ డబ్బానూ వనజాక్షినీ వీడియో తీశాడు.

*

"కూర్చోండి మేడం, కూర్చోండి." అభిలాష్ ఏసీ పెంచాడు. మంచి మాటకారి, ఇస్త్రీ చొక్కా, మెరిసే చెప్పులు. "ఆదివారం అమ్మగారు వస్తాండారు." అమ్మగారంటే సుబ్బలక్ష్మమ్మ. భర్త పేరు మీద ఈ కిడ్నీ కేంద్రం కట్టించి, ట్రస్టు నడిపే ఆవిడ. "ట్రస్టు వాళ్లందరూ ఉంటారు. మీ గంట చూపిస్తాం. అన్ని మంచాలకూ తీసుకుంటాం. గుత్తిలో పెట్టబోయే కేంద్రానికి కూడా."

వనజాక్షికి చెవులు గుయ్యిమన్నాయి. థాంక్స్ చెప్పాలని కూడా తోచలేదు.

"చూడండి మేడం, ఇంతకాలం పూటకిద్దరు సిస్టర్లు. ఎందుకు? సూదులు ఊడతాయేమోనని మంచం మంచం తిరిగేకి. ఇప్పుడు గంటే పిలుస్తాది. ఒకరుంటే చాలు." ఆమెను మెచ్చుకుంటున్నట్టే నవ్వాడు. "కృపాకుమారి సీనియరు, జీతమెక్కువ. నెలాఖరుకు ఆమెను పంపిచ్చేస్తాం. ఆమె కూడా ముసలిదైపాయ కదా, ఉరకలేదు."

"ఆమె ఇందాక ఉరికింది" అంది వనజాక్షి.

"ఉరికింది, ఉరికింది. మీ గంట ఉరికించింది. అదే నేననేది."

బయటికొచ్చాక స్కూటరు తాళం కోసం సంచీ అంతా వెతికింది. అది చేతిలోనే ఉంది.

*

గురువారమంతా ఆమె ఊళ్లో తిరిగింది. పనుందని కాదు, గదిలో ఉంటే బల్ల మీది పట్టీ కనిపిస్తోందని. టవర్ క్లాకు దాటి, రైల్వే గేటు దాటి, పామిడి రోడ్డు మీద వేరుశనగ పొలాలు నెర్రెలిచ్చిన చోటు దాకా పోయి, ఏం చేయాలో తెలియక వెనక్కి తిప్పింది. పామిడిలో ఉన్న నాయనకు ఫోను చేసింది. ఆయన వాన సంగతి మాట్లాడాడు. ఈమె ఊ కొట్టి పెట్టేసింది.

సాయంత్రం కేంద్రం ముందున్న టీ అంగడి దగ్గర, డ్యూటీ దిగిన కృపాకుమారి ఎదురుపడింది. ఆమెకు సంగతి తెలిసిపోయిందని ముఖం చెప్పింది.

"అక్కా, నేను అడగలేదు. నిన్ను తీసెయ్యమని నేను—"

"నువ్వెందుకు అడుగుతావులే." కృపాకుమారి టీ ఊదుకుంది. "పోయినసారి మనిషి చచ్చిపోతే ఈశ్వరిని పంపినారు. ఈసారి మనిషి బతికితే నన్ను పంపుతాండారు. ఎట్లైనా పొయ్యేది మేమే."

"నేను పట్టీలు తీసుకొని పోతా. ఆదివారం చూపియ్యను. నాదే కదా, ఇయ్యనంటే వాళ్లేం చేస్తారు?"

వనజాక్షి ఆ మాట పొద్దుటి నుంచి నోట్లో పెట్టుకుని తిరుగుతోంది. అన్నాక గుండె తేలికవుతుందనుకుంది. కృపాకుమారి గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టింది.

"నీకు బుద్ధుండాదా? నీ గంట లేకపోయినా ఆ అభిలాషు నన్ను తీసేస్తాడు. ఈరోజు కాకుంటే రేపు, ఇంకో సాకు చెప్తాడు. అప్పుడు రెండో సిస్టరూ ఉండదు, గంటా ఉండదు. చెన్నప్ప సూది ఊడితే ఎవురు లేపాల, తిమ్మమ్మనా?" కొంగుతో మూతి తుడుచుకుంది. "తీసుకపోవద్దు. నేను లేకున్నా అదన్నా ఉండనీ."

ఆమె షేరాటో ఎక్కి వెళ్లిపోయింది. వనజాక్షి చేతిలో టీ చల్లారి, మీద మీగడ కట్టింది. పట్టీ తీసేస్తే ప్రాణాలకు ముప్పు. ఉంచితే ఆ పట్టీనే చూపించి ఒక మనిషిని తీసేస్తారు. గంట మంచిదే. గంట చేసే పని ఎంతవరకో మాత్రం అది మోగుతున్నప్పుడు ఎవరికీ కనిపించదు. ఒక మంచం దగ్గర మోగితే అద్భుతంగానే ఉంటుంది.

ఒక మంచం దగ్గర!

టీ అంగడతను డబ్బులడిగేదాకా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు.

*

ఆదివారం హాల్లో రోగులుండరు. అభిలాష్ ద్వారం దగ్గర మొదటి మంచాన్ని సిద్ధం చేయించాడు. దిండును చేయిలా చుట్టి, పట్టీ కట్టి, సన్నగొట్టం అతికించి, పైన సెలైన్ స్టాండుకు మేక రక్తం సీసా. కృపాకుమారి హాలు నడుమ బల్ల దగ్గర కూర్చోవాలి. గంట మోగగానే వచ్చి ఆపాలి. "ఒక్క సిస్టరు చాలని అమ్మగారికి కండ్లకు కట్టాల" అన్నాడు.

అంతకు ముందే, ఎవరూ రాకముందు, వనజాక్షి కిటికీ పక్క మంచం దగ్గర రెండో దిండు చుట్టి ఇంకో పట్టీ కట్టింది, రెండో సీసా కట్టింది, రోగులు కప్పుకున్నట్టే గడ్డం దాకా దుప్పటి కప్పింది. స్టాండును తెర వెనక్కి జరిపింది. సీసా ఒరిగి రక్తం రెండు చుక్కలు చెప్పు మీద పడ్డాయి. వంగి తుడుచుకుంది. కృపాకుమారికి చెప్పాలా? ఆమె లోపలికి రావడం చూసింది, ఉతికిన తెల్ల యూనిఫారం, జడలో చిన్న కనకాంబరాల దండ. చెప్పలేదు.

సుబ్బలక్ష్మమ్మ సన్నటి మనిషి. ముదురు నీలం పట్టుచీర, చేతికర్ర. వెంట ట్రస్టు వాళ్లు నలుగురైదుగురు. అభిలాష్ మాట్లాడినంత సేపూ ఆవిడ యంత్రాలను చూస్తూ ఉంది.

వనజాక్షి మొదటి సీసా వదిలింది. గంట మోగింది. కృపాకుమారి వచ్చింది, పంపు ఆపినట్టు, క్లిప్పులు నొక్కినట్టు చూపింది, సన్నగొట్టం కొస మీద దూది అదిమి పట్టింది. పక్కగుడ్డ మీద చిన్న మరక. ట్రస్టు వాళ్లు చప్పట్లు కొట్టారు.

"సూది ఊడిన చోట ఎంతసేపు పట్టుకోవాలక్కా?" అని అడిగింది వనజాక్షి. అడుగుతూ కిటికీ పక్క తెర వైపు వెనక్కి నడిచింది.

"రక్తం నిలిచేదాకా. వేలు తీస్తే మల్ల కారుతాది."

కిటికీ దగ్గర గంట మోగింది.

కృపాకుమారి తల తిప్పింది. ఇది లెక్కలో లేదు. ఆమె వనజాక్షిని చూసింది, అభిలాష్‌ను చూసింది. వేలు తీయలేదు. "ఎవరన్నా పొండి!" అని అరిచింది. అలవాటు, దిండని మరిచిపోయింది. ఎవరూ కదల్లేదు. గంట అరుస్తూనే ఉంది. దుప్పటి అంచు ముదురు రంగు తిరిగింది. అక్కణ్ణుంచి ఒక చుక్క, ఇంకో చుక్క, తర్వాత తీగలా నేల మీదికి.

"మేడం, ఆపండి! ఏందిది, ఆపండి!" అన్నాడు అభిలాష్.

"ఏది సార్? గంటనా, రక్తమా?"

వనజాక్షి ఒళ్లంతా ఉరకమంటోంది. మంచం రెయిలింగు పట్టుకుని నిలబడింది. కృపాకుమారి ఇక ఆగలేక మొదటి మంచం వదిలి కిటికీ వైపు పరిగెత్తింది. తడిలో కాలు జారి మంచం పట్టుకుని నిలదొక్కుకుని, దూది అదిమి పట్టింది. ఈ లోపల వేలు తీసిన చోట మొదటి దిండు మళ్లీ కారడం మొదలై, ఆ గంటా అందుకుంది. ఆ మంచమూ వదిలి వెనక్కి ఉరికిన ఆమె, రెండు గంటల రొదలో హాలు నడుమ అటు చూసి ఇటు చూసి, ఎటు పోవాలో తెలియక నిలబడిపోయింది. చేతులు రెండూ ముందుకు చాచి ఉన్నాయి.

వనజాక్షి రెండు సీసాలూ కట్టేసింది. గంటలు రెండూ ఆపింది.

నేల మీది రక్తం సన్నగా పాకి సుబ్బలక్ష్మమ్మ చేతికర్ర దగ్గర ఆగింది. ఆవిడ వెనక్కి జరగలేదు.

"బయ్యన్న పోయినప్పుడు ఈడ ఎంతమంది ఉండిరి?"

కృపాకుమారి రొప్పుతూనే చెప్పింది. "ఈశ్వరి ఒక్కతే ఉన్నాదమ్మా."

"రెండో ఆమె?"

"కింద. పేర్లు రాసే బల్లకాడ."

"ఎవురు పంపినారు?"

అభిలాష్ జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. సుబ్బలక్ష్మమ్మ అతన్ని చూసింది. చాలాసేపు కాదు, చూడాల్సినంత. "సిస్టర్లను తీసే మాట వద్దు. ఇద్దరుండనీ. గంటల సంగతి మల్ల చూస్తాం" అని కర్ర తిప్పుకుని బయటికి నడిచింది. ఈశ్వరి ఎక్కడుందని అడుగుతుందేమోనని వనజాక్షి తలుపు దాకా వెంట వెళ్లింది. ఆవిడ అడగలేదు. కారు తలుపు పడింది.

మెట్ల మీద అభిలాష్ అడ్డం వచ్చాడు. "నీ వస్తువును నువ్వే చంపుకుంటివే! ఇంక నీ గంట ఎవరు కొంటారు?"

ఆమె పక్కకు తప్పుకుని పైకి నడిచింది.

హాల్లోకి వచ్చేసరికి కృపాకుమారి నేల తుడుస్తోంది. రెండో తుడుపు కర్ర ఆమె మీదికి విసిరినట్టే ఇచ్చింది.

"వాళ్ల ముందర నన్ను కోడిని తరిమినట్ల తరిమినావు. ముందే చెప్తే నోరు పడిపోతాదా?"

"చెప్పుంటే నువ్వు రెండింటికీ అందుకునేదానివి అక్కా. ఎట్లైనా అందుకునేదానివి. అప్పుడు ఒక్కరు చాలనే మాట నిజమైపోయేది."

కృపాకుమారి బకెట్లో గుడ్డ పిండింది. నీళ్లు ఎర్రగా పడ్డాయి. ఆమె జడలోని దండ తెగి భుజం మీద వేలాడుతోంది.

"అయినా చెప్పాల్సింది" అంది. అంతే. ఇద్దరూ తలా ఒక వైపు నుంచి తుడుచుకుంటూ వచ్చారు.

*

సోమవారం వనజాక్షి తన సామాను తీసుకుపోవడానికి వచ్చింది. పాత కంపెనీకి మళ్లీ ఫోను చేయాలా అని దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది. హాలు నిండుగా ఉంది. యంత్రాలు తిరుగుతున్నాయి. ఆ చివర రెండో నర్సు ఎవరికో టేపు అతికిస్తోంది. చెన్నప్ప మంచం దగ్గర కృపాకుమారి వంగి ఉంది. వనజాక్షి దగ్గరికి పోయి చూసింది. ఆమె పట్టీ కడుతోంది, ఎవరూ చెప్పకుండానే. వైరును మోచేతి పైకి తిప్పి రెండు చోట్ల టేపు వేసింది.

"కిందికి పెడితే పొర్లినప్పుడు లాగుతాది" అంది తల ఎత్తకుండా. "ఇట్ల కుట్టు."

"సరే అక్కా."

"ఇంకోటి యాడుండాది? కిటికీకాడ ఆయప్పకు కట్టాల. నిద్దర్లో చెయ్యి ఒకచోట ఉంచడు."

"వాళ్లు కొనేది లేదన్నట్టే కదా అక్కా."

"కొనేది వాళ్లు. కట్టేది నేను." కృపాకుమారి ఆ పొద్దు మొదటిసారి ఆమె ముఖంలోకి చూసింది. కోపం ఇంకా పూర్తిగా పోలేదు. "ఉండాదా లేదా?"

ఆదివారం రెండో దిండుకు కట్టింది రక్తంలో నాని పాడైపోయింది. సంచీలో కొత్తది ఒకటుంది. బయటి చుట్టు కుట్టడం సగంలో ఆగిపోయింది. వనజాక్షి కిటికీ దగ్గరికి స్టూలు లాక్కుని, వెలుతురుకు ఎదురుగా కూర్చుని, దారం చివర పంటితో తెంపి సూదిలోకి ఎక్కించింది.

"బిరీన కానీ" అంది కృపాకుమారి, పక్కమంచానికి పోతూ. "ఆయప్ప పడుకునేకి సాక్సులు విప్పుకుంటాండాడు."